‘లేదు’ అన్న మాటకు దిద్దుబాటు

కోనసీమ జిల్లా ముమ్మిడివరం వాస్తవ్యుడిని, కీర్తిశేషులు గుత్తుల వీరాస్వామి గారి రెండో కుమారుడిని, నలభై ఏడేళ్ళ వయసువాడిని అయిన గుత్తుల హేమసుందర్ అనే నేను, సౌదీ అరేబియా దేశం దమ్మామ్‌లో మా కంపెనీ లేబర్ క్యాంపు పదకొండో నంబరు గదిలో కూర్చుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేను రాసుకున్న వీలునామా ఇది.

ఇలాంటి కాగితాల్లో మొదట ‘సంపూర్ణ ఆరోగ్యంతో, స్థిరమైన బుద్ధితో’ అని రాస్తారు. ఆరోగ్యం మాట నేను రాయలేను. వచ్చే మంగళవారం నా గుండెకు బైపాస్ ఆపరేషన్. ఇక బుద్ధి సంగతి. నాకు ఆరేళ్ళుగా ప్యానిక్ డిజార్డర్ అనే జబ్బు ఉంది. భయం తనంతట తానే వచ్చి మనిషిని పట్టుకునే జబ్బు. ఇది పిచ్చి కాదు. నా ఆస్తి ఏదో, నా వాళ్ళెవరో, ఏది ఎవరికి ఇస్తున్నానో నాకు స్పష్టంగా తెలుసు. ఈ సంగతి ధ్రువీకరిస్తూ నాకు వైద్యం చేస్తున్న డాక్టర్ అఫ్షాన్ గారు ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జత చేశాను.

ఈ జబ్బు మాట ఎత్తవద్దని నా స్నేహితుడు మునిస్వామి నిన్నటి నుంచి బతిమాలుతున్నాడు. “మీ యన్న దాన్నే పట్టుకుంటాడు. కోర్టులో ఇదే చూపిస్తాడు,” అంటున్నాడు. అతని మాటలో నిజం ఉంది. పోయిన నెల ఫోనులో మా అన్నయ్య సూరిబాబు, “పిచ్చోడి సంతకం ఎక్కడా చెల్లదు, గుర్తెట్టుకో,” అన్నాడు. అందుకని ఈ పేరా రెండుసార్లు కొట్టేశాను, మూడోసారి మళ్ళీ రాశాను. జబ్బు దాస్తే నాలుగో క్లాజూ ఐదో క్లాజూ రాయలేను. ఆ రెండూ రాయకపోతే ఈ వీలునామాతో నాకు పెద్దగా పని లేదు.

1. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా భార్య చాముండేశ్వరిది.

2. మా నాన్నగారి పంపకాల్లో నాకు వచ్చిన ఇంటి భాగం, దాని వెనక ముప్పై సెంట్ల కొబ్బరితోట, కంపెనీ నుంచి నాకు రావలసిన సర్వీసు బకాయిలు, నా తదనంతరం సర్వహక్కులతో నా భార్య చాముండేశ్వరికి చెందాలి. తోట తన గట్టు పక్కనే ఉంది కాబట్టి తనకే ఇవ్వాలని సూరిబాబు అడుగుతూ వచ్చాడు. ఇవ్వడం లేదు.

చాముండీ, నా జబ్బు సంగతి నీకు రెండేళ్ళు చెప్పలేదు. చెప్పిన రోజు నువ్వు ఏడుస్తావనుకున్నాను. నువ్వు మాత్రం, “రోజూ బాగున్నానంటంటే నిజవే అనుకున్నానండి. ఇంక మీరు బాగున్నానంటే నేనెలా నమ్మేది?” అన్నావు. దానికి ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఈ కాగితంలో ఉన్నదంతా నమ్ము.

3. మా నాన్న తాడిచెట్టు ఎక్కడానికి వాడిన మోకు, గీత కత్తి నా పెట్టెలో ఉన్నాయి. అవి మా అన్నయ్య సూరిబాబుకు చెందాలి. పెద్దవాడిగా అవి వాడికే రావాలి. నేనే మొండికేసి ఉంచుకున్నాను.

వాటితో పాటు ఒక మాట. అన్నయ్యా, అమ్మకు వచ్చినది గాలి కాదు. గుమ్మం పట్టుకుని నిలబడి, చెమటలు కారుతూ, “నేను పోతన్నానర్రా” అనేది, గుర్తుందా? నాకు పన్నెండేళ్ళు, నీకు పదహారు. భూతవైద్యుడు అట్లకాడ కాల్చి అమ్మ భుజం మీద వాత పెట్టాడు. అమ్మ చేతులు నువ్వు పట్టుకున్నావు. కాళ్ళు నేను పట్టుకున్నాను. ఆ తరవాత బతికున్న పద్నాలుగేళ్ళూ అమ్మ మన ముందు ఒక్కసారి కూడా భయమేస్తోందని అనలేదు. తగ్గిపోయిందని మనం అనుకున్నాం. నాకు అదే జబ్బు వచ్చాక తెలిసింది, తగ్గలేదని. మళ్ళీ కాలుస్తామని నోరు మూసుకుందని. ఇందులో నిన్ను నిందించి నేను తప్పుకోవడం లేదు. కాళ్ళు పట్టుకున్నది నేనే. కాని నువ్వు నన్ను పిచ్చోడన్నప్పుడు నాకు కోపం కంటే ఎక్కువగా ఆ అట్లకాడ గుర్తుకొచ్చింది. తోట కోసం కోర్టుకు వెళ్ళాలనిపిస్తే, ముందు ఒక్కసారి అమ్మ ఫోటో ముందు కూర్చో.

4. తెలంగాణలో జగిత్యాల దగ్గరి వాడు, ఇక్కడ మాతో పాటు పరంజా కట్టే పని చేసిన ఉదయకిరణ్‌కు నా చేతి గడియారం ఇవ్వాలి. గడియారం కంటే ముఖ్యంగా ఈ క్లాజు నకలు ఇవ్వాలి. ఎందుకో వివరంగా రాస్తాను.

2019 మార్చి నెల, పొద్దున పది గంటలు. కొత్త గిడ్డంగుల కట్టుబడి జరుగుతోంది. నేను టవర్ క్రేను ఆపరేటరును. భూమికి నలభై అయిదు మీటర్ల ఎత్తున కేబిన్‌లో కూర్చుని ఒక ఇనప దూలం ఎత్తాను. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని. ఉన్నట్టుండి కేబిన్‌లో ఫ్యాన్ చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టయింది. చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కాయి. తరవాత రెండు చేతులూ నావి కానట్టయిపోయాయి. రొమ్ము చుట్టూ మోకు వేసి ఎవరో బిగిస్తున్నట్టుంది. చచ్చిపోతానేమో అన్న అనుమానం కాదు అది, చచ్చిపోతున్నానన్న నమ్మకం. దూలం గాలిలో వేలాడుతోంది. దాని కింద తాపీ పనివాళ్ళు తిరుగుతున్నారు. మీట ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

కింద సిగ్నల్ ఇచ్చేది మునిస్వామి. చిత్తూరు జిల్లా వాడు. వాకీటాకీలో అతని గొంతు. “అన్నా, లోడు గాల్లో ఉండాది. ఏమైందన్నా? పలకన్నా.” అతనే అందరినీ అరిచి పక్కకు తరిమాడు. పదకొండు నిమిషాలు. తరవాత అతని పసుప్పచ్చ హెల్మెట్ ఒక్కటే చూస్తూ దూలం దించాను. నిచ్చెన ఎలా దిగానో నాకు గుర్తు లేదు. షుగర్ పడిపోయిందని అందరికీ చెప్పాను.

తరవాత మూడు నెలల్లో మూడుసార్లు ఎమర్జెన్సీకి పరిగెత్తాను. ప్రతిసారీ ఈసీజీ బాగుందన్నారు. నాలుగోసారి డాక్టర్ అఫ్షాన్ గారు నన్ను కూర్చోబెట్టి, “ఆప్ కా దిల్ ఠీక్ హై. యే డర్ కీ బీమారీ హై, ఇస్ కా ఇలాజ్ హై,” అన్నారు. గుండె బాగానే ఉందని, ఇది భయం జబ్బని, దానికి మందుందని తెలిసి ఆ కుర్చీలోనే ఏడ్చాను. కాని కంపెనీకి తెలిస్తే క్రేను మీద నుంచి దించేస్తారు, ఆ తరవాత ఇక్కడ ఉండడానికిచ్చే ఇకామా పొడిగించరు, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. అందుకని మాత్రలు విటమిన్ సీసాలో పోసుకుని రెండేళ్ళు క్రేను ఎక్కాను. పైన ఉన్నప్పుడు మళ్ళీ మూడుసార్లు వచ్చింది. కింద తిరిగే మనుషుల ప్రాణాలు వాళ్ళకు తెలియకుండా పణంగా పెట్టాను. ఇది తప్పు అని ఒప్పుకుంటున్నాను.

2021 జూన్‌లో ఒక శుక్రవారం, మెస్ బయట చల్లనీళ్ళ కుళాయి దగ్గర ఉదయకిరణ్ నా పక్కన నిలబడ్డాడు. అతనికి అప్పుడు ముప్పై ఒక్క ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. నాలుగైదు రోజులుగా పరంజా మీద మధ్యలో కొయ్యబారిపోతున్నాడని, కుర్రాళ్ళు దించాల్సి వస్తోందని విన్నాను. క్యాంపులో అతన్ని ఆడదానివంటూ వెక్కిరిస్తున్నారు. అతను గ్లాసు పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు. “అన్నా, పైకెక్కితే పానం గుంజుకపోతుంది. చేతులు కాళ్ళు సచ్చిపోతున్నయ్. నువ్వు గంత ఎత్తుల కూసుంటవ్ గద, నీకెప్పుడన్న గిట్లయిందా?”

వెనక ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. నేను అన్నాను, “లేదు. ఎండకి అలాగే ఉంటది. మజ్జిగ తాగు.”

సోమవారం అతను క్యాంపులో లేడు. పారిపోయాడని మా వీసా యజమాని కఫీల్ హురూబ్ ఫిర్యాదు పెట్టాడు. రియాద్‌లో ఎంబసీకి వెళితే ఇంటికి పంపిస్తారనుకుని ఆ జూన్ ఎండలో రోడ్డు వెంట నడిచిపోయాడట. మూడో రోజు ఒక పెట్రోలు బంకు పక్కన మసీదు గోడ నీడలో పడి ఉంటే ట్యాంకరు డ్రైవరు చూసి ఆసుపత్రిలో చేర్చాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పందొమ్మిది రోజులు మంచం మీద ఉన్నాడు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు నన్ను తిట్టలేదు. “నా ఒక్కనికే అయితుందనుకున్ననన్నా. అందుకే పోయిన,” అన్నాడు.

బయటికొచ్చి ఆసుపత్రి గోడకు చేరగిలపడ్డాను. నాకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరైనా చూస్తారని దాచుకోలేదు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరు దగ్గరకు వెళ్ళి ఇద్దరి సంగతీ చెప్పాను. చెబుతున్నంత సేపూ ఎగ్జిట్ కాగితం నా కళ్ళ ముందు ఆడింది. నన్ను క్రేను దించి పనిముట్ల స్టోరులో వేశారు. జీతం తగ్గింది కాని పంపించలేదు. ఉదయకిరణ్ మీద ఫిర్యాదు వెనక్కు తీసుకున్నారు. అతను ఇంటికి చేరాడు. అయినా అతని ఊళ్ళో ఇప్పటికీ పని ఎగ్గొట్టి పారిపోయొచ్చాడనే అంటున్నారట.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఆ శుక్రవారం నేను చెప్పిన ‘లేదు’ అబద్ధం. నాకూ అచ్చం అలాగే అయింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఉదయకిరణ్ సోమరి కాదు, పిరికివాడు కాదు. జబ్బు చేసిన మనిషి. ఈ నకలు అతను ఎవరికి చూపించుకోవాలన్నా చూపించుకోవచ్చు. సంతకం నాది.

5. నా ఫోనులో అరవై మూడు వాయిస్ మెసేజీలు ఉన్నాయి. అవి కూడా ఉదయకిరణ్‌కే అప్పగిస్తున్నాను. సొంతానికి కాదు, కాపలాకి.

అవి ఎలా మొదలయ్యాయంటే, ఉదయకిరణ్ వెళ్ళిన తరవాతి శుక్రవారం భోజనాల వేళ మెస్‌లో లేచి నిలబడి నా జబ్బు గురించి చెప్పాను. క్రేను మీద కంటే అలా నిలబడడానికే ఎక్కువ భయపడ్డాను. మూల బల్ల దగ్గర ఎవరో నవ్వారు. కూర్చోబోతుంటే మా వంటమనిషి, నన్నే సాహెబ్ అనే కడప ఆయన, గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆర్పి బయటికొచ్చాడు. “నాకూ అట్లే అయితాండె భాయ్. మూడేండ్లు. పొయ్యి కాడ నిలబడ్తే గుండె ఆగిపోతాదని. ఎవురికీ చెప్పల్యా,” అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆ రోజే ఇంకో ఇద్దరు నా గదికి వచ్చారు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మెస్ వెనక రేకుల నీడలో కూర్చుంటున్నాం. రాలేనివాళ్ళ కోసం నాకు జరిగింది నేనే రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. అవి నేను ఊహించని చోట్లకు పోయాయి. అల్ ఖర్జ్ పాలఫారంలో పనిచేసే ఆయన ఒకరు విన్నారు. జెద్దాలో ఒక ఇంట్లో పనిచేసే రాయచోటి ఆవిడ, ఇష్రత్, నీళ్ళ కుళాయి తిప్పి ఆ చప్పుడులో వింటున్నానని చెప్పింది. మేడమ్‌కు తెలిస్తే పిచ్చిదని ఏజెన్సీకి తిప్పి పంపేస్తుందని ఆవిడ భయం. ఆవిడ పేరు రాసుకోమని ఆవిడే చెప్పింది. తక్కినవారి పేర్లు రాయను.

షరతులు:

(అ) నా గొంతు మాత్రమే ఎవరికైనా పంపవచ్చు. వాళ్ళు నాకు పంపిన మాటలు వినకుండా తుడిచేయాలి. అవి నా ఆస్తి కావు.

(ఆ) ఎవరొచ్చినా ‘ధైర్యంగా ఉండు’ అని పంపేయకూడదు. ధైర్యం ఉంటే రారు. ముందు వినాలి. తరవాత ‘నాకూ అయింది’ అనగలిగినవాళ్ళు అనాలి.

(ఇ) మనం డాక్టర్లం కాదు. బతకాలని లేదని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకూడదు. పక్కనే ఉండి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

(ఈ) రొమ్ము పట్టేస్తే అది భయమేనని మనంతట మనం తేల్చుకోకూడదు. ముందు గుండె చూపించుకోవాలి. ఇది ప్రతి శుక్రవారం చెప్పినవాడిని నేనే. మూడు వారాల కిందట స్టోరు నుంచి నడుస్తుంటే రొమ్ములో నొప్పి వచ్చింది. పాత చుట్టమే అనుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ రెండు రోజులు గడిపాను. మునిస్వామి వచ్చి దుప్పటి లాగేశాడు. “మొదలు గుండె చూపించుకోండని నువ్వే చెప్తావు గదన్నా. లెయ్,” అన్నాడు. యాంజియోగ్రామ్‌లో మూడు అడ్డంకులు కనిపించాయి. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

6. డాక్టర్ అఫ్షాన్ గారికి మా ఊరి వైపు నుంచి వచ్చే పూతరేకులు ఒక పెట్టె పంపాలి. మొదటిసారి ఇచ్చినప్పుడు ఆవిడ అవి చుట్టిన కాగితాలనుకుని విప్పడానికి చూశారు. తినేది అదేనని నేను చెప్పేలోగా సగం చింపేశారు. ఆ క్లినిక్‌లో నేను నవ్విన రోజు అదే.

7. క్రేను కేబిన్‌లో నేను వాడుకున్న చిన్న బైనాక్యులర్ నా కూతురు స్నిగ్ధకు. అందులోంచి దమ్మామ్ రేవులో ఓడలు చూసేవాడిని. నీకు పక్షులు చూడడం ఇష్టం కదా, దానికి పనికొస్తుంది.

అమ్మలూ, నీకు పదిహేడేళ్ళు. మా అమ్మకు వచ్చింది, నాకు వచ్చింది. నీకు వస్తుందని కాదు. కాని ఆపరేషన్ కంటే, చావు కంటే నాకు ఎక్కువ భయం దీని గురించే. పరీక్షల ముందు కడుపులో తిప్పుతోందని నువ్వు ఫోనులో అన్న ప్రతిసారీ నాకు చెమట పట్టింది. ఎప్పుడైనా ఏ కారణమూ లేకుండా గుండె పరిగెత్తితే, వేళ్ళు తిమ్మిరెక్కితే, లోకం దూరంగా జరిగినట్టుంటే, మీ అమ్మకు ఆ రోజే చెప్పు. మర్నాటికి కూడా ఆగకు. దానికి పేరుంది, మందుంది. నిన్ను ఎవరూ కాల్చరు. నీ చేతులు ఎవరూ పట్టుకోరు.

8. ఆపరేషన్ బల్ల మీద నేను పోతే, నా శవం ఇక్కడి మార్చురీ ఐస్ పెట్టెలో నెలలు పడి ఉండకూడదు. కఫీల్ సంతకం ఒకటి, ఎంబసీ కాగితం ఒకటి అని ఎదురుచూసిన శవాలను నేను చూశాను. నాకు మూసిన చోటు అంటే భయం. చచ్చాక భయం ఉండదని తెలుసు. తెలిసినా రాస్తున్నాను. నెల రోజుల్లో పంపించలేకపోతే ఇక్కడే పూడ్చేయండి. చాముండీ, నువ్వు దానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం పంపాలి.

9. వీలునామా మనిషి పోయాకే అమలవుతుంది. నాలుగో క్లాజు అలా కాదు. ఉదయకిరణ్‌కు ఈ పొద్దున్నే ఫోను చేసి అది మొత్తం చదివి వినిపించాను. అంతా విని అతను, “మా అమ్మకు గూడ సదివి ఇనిపియ్యన్నా,” అని ఫోను ఆమెకిచ్చాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

10. ఇక సంతకం. కలం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పాస్‌పోర్టులో ఉన్న సంతకంతో ఇది సరిగ్గా కలవకపోవచ్చు. వణుకు తగ్గాక పెట్టమని నన్నే సాహెబ్ టీ తెచ్చి ఇచ్చాడు. టీ తాగాను, వణుకు తగ్గలేదు. మంగళవారం తలచుకుంటే తగ్గేలా లేదు. ఈ గీతలు వంకరపోవడానికి కారణం భయమే తప్ప బుద్ధి చలించడం కాదని తెలుసుకోవలసింది. ప్రతి పేజీ కిందా, తెలిసే, ఈ చేత్తోనే పెడుతున్నాను.

దమ్మామ్, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) గుత్తుల హేమసుందర్

సాక్షులు:

1. మునిస్వామి, సిగ్నల్‌మన్. కాగితమంతా మాకు చదివి వినిపించినాడు. జబ్బు మాట రాయొద్దని చెప్పింది నేనే. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది. కాగితం జారకుండా ఒక పక్క నేను పట్టుకున్నా. చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

2. నన్నే సాహెబ్, మెస్ వంటమనిషి. నేను కండ్లారా చూసినా. పెట్టింది ఆయనే.